కుట్టుకి వదిలిన అంగుళం

ఆగస్టు 3
ఫిజిక్స్‌లో కాలేజీ సీటొచ్చింది. స్కూల్లో నేను చదివింది టైలరింగ్. నెలాఖరు ల్యాబ్ టెస్ట్ పాసైతేనే ఉండనిస్తానని, లేకపోతే వేరే సబ్జెక్ట్‌కి మారాల్సిందేనని ఫిజిక్స్ మేడమ్ చెప్పారు. రిజిస్టర్లో నా పేరొక్కటే పెన్సిల్‌తో రాశారు.

ఆగస్టు 5
వెక్టర్ అన్నారు. అందరూ తలలూపారు. నేనూ ఊపాను.

ఆగస్టు 11
మేడమ్ ఒక పెద్ద గుండునీ, ఒక చిన్న గుండునీ సమానమైన దారాలకి కట్టి ఊపారు. రెండూ కలిసే వెళ్ళాయి, కలిసే వచ్చాయి. బరువుతో పనే లేదట! నాకు ఒళ్ళు జలదరించింది. పక్కనమ్మాయి మాత్రం ఆవులించింది. ఇదంతా తను ఎనిమిదో క్లాసులోనే చూసేసిందట. పాపం అనిపించింది.
ఇంటికొచ్చి, అమ్మ బట్టలు కుట్టే చోట ఉన్న కత్తెరని దారానికి కట్టి ఊపాను. ముందు నా కత్తెర నాకిచ్చి తర్వాత నువ్వే ఊగు అంది అమ్మ.

ఆగస్టు 29
టెస్ట్. పెండ్యులమే వచ్చింది. దారం పొడవు మారుస్తూ ఇరవై ఊపులకి టైం చూడాలి. స్కేలు ఖాళీ లేదు, బ్యాగ్‌లో అమ్మ కొలతల టేపుంది. చకచకా కొలిచి రాసేశాను. పొడవుకీ టైం వర్గానికీ గ్రాఫ్ గీస్తే గీత తిన్నగానే వచ్చింది కానీ, సున్నా దగ్గర మొదలవ్వాల్సింది సరిగ్గా అంగుళం పక్కన మొదలైంది. ఈ అంగుళం ఎక్కడిదని మేడమ్ అడిగారు. రేపు సాయంత్రంలోగా చెబితేనే మార్కులట.
నాకు వెళ్ళిపోవాలని లేదు.

ఆగస్టు 30
పొద్దున అమ్మ ఎవరిదో చొక్కా కొలతలు చెబుతోంది. చేతి పొడవు ఇరవై రెండు అంది. నేను ఇరవై మూడు రాశాను. కుట్టుకి అంగుళం వదలాలి కదా, చిన్నప్పట్నించీ అలాగే రాస్తాను. అంటే నిన్న టెస్ట్‌లో కూడా అలాగే రాసేశాను. పెండ్యులమ్‌కి కూడా కుట్టు వదిలాను!
కాలేజీకి పరిగెత్తి చెప్పాను. మేడమ్ కళ్ళజోడు తీసి మరీ నవ్వారు. ఇప్పుడు గీత వాలు చూసి లెక్క కట్టమన్నారు. అన్ని కొలతల్లోనూ అదే అంగుళం కాబట్టి వాలు చెడలేదు. అంగుళాల్ని మీటర్లలోకి మార్చితే, భూమి మనల్ని లాగే లాగుడు, 9.8, అచ్చంగా వచ్చింది. అమ్మ టేపుతో భూమిని కొలిచాను.
మేడమ్ నా పేరు పెన్నుతో దిద్దారు.

ఆగస్టు 31
గ్రాఫ్ అమ్మకి చూపించి, అంగుళం సంగతి చెప్పాను. సున్నాకీ గీతకీ మధ్య ఖాళీ మీద వేలు పెట్టి, ఇది నాదేనా అంది. నీదే అన్నాను.