పాలలో పెట్టిన పన్ను

అమ్మా,

నువ్వు వెళ్ళిపోయి ఇవాళ్టికి మూడేళ్ళు. ప్రార్థన అయ్యాక నీ మనవరాలు స్నేహను నందిగామ పళ్ళ డాక్టరమ్మకు చూపించి వచ్చాను.

రెండు వారాల కిందట జగ్గయ్యపేటలో సైకిల్ మీంచి పడితే దాని ముందు పన్ను వేరుతో సహా ఊడొచ్చింది. వేరంతా మట్టి. నా చెయ్యి నేరుగా అంట్లు తోమే పీచు మీదికే పోయింది, నీ కూతుర్ని కదా! ఈలోగా నేను ఫోను చేసిన డాక్టరమ్మ అటునుంచి అరిచింది: "తోమకండి! పాలలో వేసి తీసుకురండి."

ఆ రోజు పన్నును తిరిగి పెట్టి, కదలకుండా కట్టిన తీగను డాక్టరమ్మ ఇవాళ తీసి, వేలితో కదిపి చూసింది. పన్ను పట్టుకుంది. నాకు ఊపిరొచ్చింది.

"వేరును ఎముకకు కట్టి ఉంచేవి కొల్లాజెన్ అనే ప్రోటీన్ దారాలండి. వేరు మీది కణాలు ప్రోటీన్లతో ఒకదానికొకటి కబురు పంపుకుంటేనే కొత్త దారం తయారవుతుంది. మెత్తనివి కొరకనివ్వండి, కాస్త ఒత్తిడి తగిలితేనే ఆ కబుర్లు కదులుతాయి."

"తోమితే?"

"కణాలు చచ్చిపోతాయండి. ఇంకెవరు పంపుతారు కబురు?"

నా పదో ఏట ఊడిన పన్నును నువ్వు బూడిదతో తెల్లగా తోమి, కొంగున ముడేసుకుని ఇదే నందిగామ బస్సెక్కావు. డాక్టరు పెట్టినా అది నిలవలేదు. నేను మూతి మూసి నవ్వినప్పుడల్లా, "ఇంకాస్త బాగా తోమి ఉండాల్సింది" అని నొచ్చుకునేదానివి.

బస్టాండులో స్నేహ అరటిపండును ముందు పళ్ళతోనే కొరికింది.

నువ్వేం తక్కువ తోమలేదమ్మా. ఆ రోజు మనింట్లో ఫోను లేదు, అంతే.

నీ కూతురు