‘విన్నవారు’ గడిలో సంతకం

నాన్నకి,

పెద్దమ్మాయి నమస్కారం. ఇక్కడ అందరం కులాసాగానే ఉన్నాం, నా ఒంట్లో వేడి తప్ప. అది జ్వరం కాదు, కోపం. అమ్మ మోకాలి నొప్పి తగ్గిందని రాశావు, సంతోషం. నువ్వడిగిన కళ్ళజోడు పెట్టె కొన్నాను, ఈ వారం పంపిస్తాను.

మా ఆఫీసు కథల యాప్‌లో నువ్వు చదివిన కథలు విని చెల్లి కూతురు ‘తాతయ్య బిందెలో తల పెట్టి మాట్లాడుతున్నాడు’ అందనీ, నీ గొంతు పోయిందనీ, ఇక రెండో పుస్తకం చదవననీ రాశావు. ముప్పై ఏళ్ళు రైల్వే స్టేషన్‌లో ప్రకటనలు చదివిన గొంతు నాన్నా అది. చివరి బెంచీ మీద కునుకు తీసేవాడు కూడా లేచి సంచి సర్దుకునేవాడు. దానికేం రోగం?

రోగం మా ఆఫీసుది. నెట్ సరిగా లేనివాళ్ళకి కూడా ఆగకుండా అందాలని ప్రతి ఆడియో ఫైలునీ నొక్కి చిన్నది చేస్తారు. మరీ నొక్కితే గొంతు నలిగిపోతుంది. తర్వాత నాణ్యత ఎంత మిగిలిందో ఒక మీటరు అయిదుకి మార్కులు వేస్తుంది. నీ కథకి నాలుగున్నర వేసింది. ఒళ్ళు మండి ఆరా తీశాను. ఆ మీటరు మొదటి పది సెకన్లే కొలుస్తుందట. ఆ పది సెకన్లలో ఉన్నది వేణువు. నువ్వు నోరు విప్పేది పన్నెండో సెకనులో.

మేనేజర్ని నిలదీశాను.

“నాలుగున్నర వచ్చింది కదమ్మా, ఇంక చెవులతో పనేముంది?” అన్నాడు.

“అది వేణువుకి వచ్చింది సార్. మా నాన్న గొంతు పోయిందని కుమిలిపోతున్నాడు.”

“వచ్చే ఏడాది మీటరు మారుస్తాంలే” అని టీ తాగడానికి వెళ్ళిపోయాడు. ఆ కప్పు లాక్కోవాలన్నంత కోపం వచ్చింది.

ఇంతసేపూ వాళ్ళని తిట్టాను కానీ, ఒక మాట దాచాను. ప్రతి ఫైలు ఫారంలోనూ ‘విన్నవారు’ అని ఒక గడి ఉంటుంది. నీ ఫారంలో ఆ సంతకం నాదే. రోజుకి నలభై ఫైళ్ళు. మార్కులు చూసి సంతకం గీకేయడం మా అందరికీ అలవాటైపోయింది. నీదని తెలిసి కూడా, ఇంటికెళ్ళి తీరిగ్గా విందాంలే అనుకున్నాను. వినలేదు. “ఎలా ఉందమ్మా?” అని నువ్వు ఫోనులో అడిగితే “అదిరిపోయింది నాన్నా” అన్నాను. సిగ్గుగా ఉంది.

నిన్న నీ అసలు రికార్డింగు మొదటి నుంచి చివరిదాకా విన్నాను. నక్క కథలో నవ్వాపుకోలేక ఒకచోట ఆగి, గొంతు సవరించుకున్నావు. మా ఫైలులో అక్కడ ఉత్త గరగర. నీ గొంతుకేం కాలేదు.

ఫారంలో నా సంతకం కొట్టేసి, ‘ఎవరూ వినలేదు’ అని రాసి పైకి పంపాను. ఏమంటారో చూడాలి. నువ్వు మాత్రం రెండో పుస్తకం మొదలుపెట్టు. ముందు నేనే వింటాను.

ఇట్లు,
వినకుండానే మెచ్చుకున్న
నీ పెద్దమ్మాయి