అప్పజెప్పిన అక్షరాలు

చిలుకూరు,
12-8-1991.

అక్క యాదమ్మకు, బావకు తమ్ముడు దశరథ నమస్కరించి రాయునది.

ఇక్కడ అందరం క్షేమమని రాయడం అలవాటు. ఈసారి అది సగమే నిజం. భివండిలో మీరిద్దరూ బాగున్నారని తలుస్తాను. బావకు మిల్లులో రాత్రి షిఫ్టు తప్పిందని రాశావు, సంతోషం.

అమ్మ మోకాళ్ల నొప్పుల గురించి అడిగావు. నూనె రాసుకోమంటే నన్నే తిడుతున్నది, అంటే బాగానే ఉన్నట్టు. ఇక నీ బిడ్డ అండాలు సంగతి. "బిడ్డ రాసిన జాబుల వరుసలు ఒకదాని మీద ఒకటి ఎక్కినయి. ఫోటోల గూడ మెడ వంకర పెట్టింది. జర సూడు తమ్మీ" అని రాశావు. అంత దూరం నుంచి నువ్వు చూశావు, రోజూ దానికి పాఠం చెప్పే నేను చూడలేదు. సారు మేనకోడలు ముందు కూర్చుంటే పక్షపాతం అంటారని వెనక వరుసలో కూర్చోబెట్టాను. బోర్డు మీది లెక్క తప్పుగా ఎక్కించుకుంటే బెత్తంతో కొట్టాను. కండ్లు నెత్తికెక్కినయా అని తిట్టాను కూడా.

నీ ఉత్తరం చూసి మంగళవారం సూర్యాపేటలో కంటి డాక్టరు దగ్గరికి తీసుకుపోయాను. ఆయన దాని కుడికన్ను మూసి, గోడ మీది అక్షరాల అట్ట చదవమన్నాడు. పిల్ల చేతులు కట్టుకుని పైనుంచి కింద దాకా గడగడా చెప్పింది. నాకు కూడా గర్వంగానే అనిపించింది.

"నువ్వు చెప్పిన అక్షరాలు ఈ అట్టమీద లేనే లేవు బిడ్డా. ఎవలు నేర్పిన్రు?" అన్నాడు డాక్టరు.

అది నా వైపు ఒకసారి చూసి, "ఎవలు నేర్పలె సార్, నాకే వచ్చు" అంది.

కుడికంటికి అద్దాలు పెడితే చాలట. ఎడమకంటికి మాత్రం అద్దాలు పెట్టినా చూపు రాదట. "ఆరేడేండ్లప్పుడే తెస్తే మంచి కంటికి కట్టు కట్టి, దీనికి సూపు నేర్పెటోళ్లం. తల్లిదండ్రులు ఏం జేస్తున్నరు?" అన్నాడు. "బతుకుదెరువుకు పోయిన్రు సార్, ఊర్ల లేరు" అన్నాను. తప్పు నీ మీదికి తోసి నేను పక్కకు జరిగాను అక్కా.

ఇక దాచను. నాలుగేళ్ల కింద, అండాలు రెండో తరగతిలో ఉన్నప్పుడు, మా బడికి కంటి పరీక్షలవాళ్లు వస్తామని ముందురోజే అట్లాంటి అక్షరాల అట్టే ఒకటి పంపారు. ఆఫీసర్లు వస్తున్నారంటే మా పంతుళ్లకు తెలిసిన పని ఒకటే, పిల్లలతో బట్టీ పట్టించడం. సాయంత్రం దాకా ఎక్కాలు చెప్పించినట్టు ఆ అక్షరాలు చెప్పించాను. తెల్లారి ఒక్క పిల్ల తప్పు పోలేదు. దశరథ సారు బడిలో అందరి కండ్లూ బాగున్నాయని మెచ్చుకుని పోయారు. ఆ మెప్పు సంగతి నీకు జాబు కూడా రాశాను. మా బడి పరువు నీ బిడ్డ కన్ను తిన్నది. ఆ తరగతిలో ఇంకెందరికి ఏం చేశానో తెలియదు. రేపటి నుంచి ఒక్కొక్కరి ఇంటికి పోయి చెప్పాలి.

మంగళవారం తిరిగి వచ్చేటప్పుడు సూర్యాపేట బస్టాండులో కోదాడ బస్సు కోసం నిలబడ్డప్పుడు అండాలు నా చెయ్యి పట్టుకుని, "మామా, ఏ అక్షరం తప్పు జెప్పిన? మల్ల నేర్పు, ఈసారి తప్పు పోను" అంది. ఒక సోడా కొనిచ్చాను.

ఇట్లు,
నీ తమ్ముడు, నీ బిడ్డకు పంతులు,
దశరథ.