నన్ను ఎవరూ బండి ఎక్కించుకోకుండా ఉత్తర్వులు కోరుట

తిరువూరు సబ్ ఇన్‌స్పెక్టర్ గారి సముఖమునకు, బసవపున్నయ్య గారి భార్య సరోజినీదేవి, వయస్సు 56, వ్రాసుకొను అర్జీ.

అయ్యా,

విషయం: ఉదయం ఆరు నుంచి ఆరున్నర వరకు నన్ను ఏ వాహనములోనూ ఎక్కించుకొనరాదని ఉత్తర్వులు కోరుట గురించి.

పోయిన ఏడాది నాకు రొమ్ము క్యాన్సర్ అని తేలినది. (అర్జీలో ఆ మాటెందుకని మావారు గొణిగారు. వచ్చింది అక్కడైతే ఇంకెక్కడని రాయను?) ఆపరేషను, మందులు, కరెంటు పెట్టుట (రేడియేషను) పూర్తయినవి. జుట్టు మొలిచినది. బరువు ఐదు కిలోలు పెరిగినది. రోజూ అరగంట నడవమని, తీపి తగ్గించమని విజయవాడ డాక్టరమ్మ చెప్పారు. మళ్లీ రాదని ఎవరూ కాగితం రాసివ్వలేరు గానీ, నడక మాత్రం మీ చేతిలో పనేనన్నారు. ఆ ఒక్క పనీ ఊరు నన్ను చేయనివ్వడం లేదు.

1. గంపలగూడెం రోడ్డున నేను పది అడుగులు వేయగానే ఖాదర్‌బాషా తన షేర్ ఆటో ఆపుచున్నాడు. "ఒంట్లో బాగోనివాళ్లు నడవడమేంటండీ? ఎక్కండి, డబ్బులొద్దు!" వద్దంటే ఆటోలోని జనమంతా దిగి బతిమాలుచున్నారు. మొన్న ఒక బాలింత నాకు సీటిచ్చి తాను రోడ్డు మీద నిలబడినది. ఎక్కక ఏం చేయను?

2. పరామర్శకు వచ్చువారు బలం రావాలని సున్నుండలు తెచ్చుచున్నారు. ప్రస్తుతం ఇంట్లో ఆరు డబ్బాలు కలవు. మావారికి షుగరు.

3. తప్పు పట్టుట కాదు గానీ, సోమవారం తమరి జీపు కూడా ఆగినది. పోలీసు జీపు కనుక కాదనలేక ఎక్కితిని. ఇంటి ముందు దిగేసరికి, నేనేం నేరం చేశానో కనుక్కోవడానికి వీధి వీధంతా వచ్చినది. సున్నుండలతో.

సార్, ఆసుపత్రిలో మంచం నుంచి బాత్రూముకి పదకొండు అడుగులు. నెలల తరబడి అదే నా లోకం. ఇప్పుడు నడవగలుగుతున్నాను. నాకు బతకాలని ఉంది, గట్టిగా చేతులు ఊపుకుంటూ నడవాలని ఉంది.

కావున దయతో చిత్తగించి, నా కాళ్లు నాకు ఇప్పించవలెను.

తమ విధేయురాలు,
సరోజినీదేవి

తా.క.: ఇది మీ స్టేషను బల్ల మీద రాస్తున్నాను. దారిలో మళ్లీ ఆటో ఆగింది. ఈసారి ఖాదర్‌బాషా భార్య ఖతీజాబీ కిందికి దూకి, "నేనూ నీతో నడుస్తానక్కా!" అంది. పాపం ఆయన, ఖాళీ ఆటోతో మా వెనకే వస్తూ, ఆగబోయిన ప్రతి బండినీ హారను కొట్టి తరిమేశాడు. కనుక ఉత్తర్వుల్లో ఆయన్ని మినహాయించండి, కాపలాకి కావాలి. మొత్తం ముప్పై రెండు నిమిషాలు నడిచాం సార్, ముప్పై రెండు!