రబ్బరు ట్యూబు అక్క చెవిది

ప్లేనో (అమెరికా) నుంచి నరసింహం, 12 మార్చి 1984

అక్కా, నువ్వు అబద్ధం రాశావు. "నాన్న పనితనం నీకే వచ్చింది" అన్నావు చూడు, అదే. మేమంతా క్షేమం.

రెండేళ్లుగా గరాజ్‌లో విప్పి పెట్టిన పాత స్పోర్ట్స్ కారు ఇప్పుడు తిరుగుతోంది. రోజూ దాంట్లోనే ఆఫీసుకి వెళ్తున్నాను. కానీ సిగ్నల్ దగ్గర ఆగితే చాలు, ఇంజను చచ్చిపోతోంది. మొన్న ఆఫీసు పార్కింగ్‌లో బానెట్ ఎత్తి, రబ్బరు ట్యూబు ఒక కొస చెవిలో, ఇంకో కొస కార్బురేటర్ మూతి దగ్గర పెట్టుకుని నిలబడ్డాను. "ఏంటండీ, కారుకి జ్వరమా?" అన్నాడు మా ఆఫీసులో పనిచేసే రాధాకృష్ణ. రెండు కార్బురేటర్లూ గాలి పీల్చే చప్పుడు ఒక్కలా ఉండాలి. నాకు తేడా తెలియలేదు.

అప్పుడు గుర్తొచ్చింది. నాన్న కార్లు బాగుచేసే షెడ్‌లో మిల్లు ఓనరు కారుకి అలా విన్నది నువ్వు. పన్నెండేళ్లదానివి, జడ నడుముకి దోపుకుని, "ఎడమది ఎక్కువ పీలుస్తోంది నాన్నా" అనేదానివి. నేను లైటు పట్టుకునేవాణ్ణి. ఓనరు రాగానే నాన్న ట్యూబు నా చేతికిచ్చి నిన్ను లోపలికి పంపేవాడు. మెప్పు నాది, ఇంజనీరింగు కాలేజీ నాది, వంటిల్లు నీది. స్త్రీల హక్కుల మీద ఊరూరా ఉపన్యాసాలిచ్చిన నేను, ఈ మాట నీతో ఒక్కసారీ అనలేదు. కవరులో కాక కార్డు మీద రాస్తున్నాను, పోస్ట్‌మాన్ కూడా చదవాలని. బావగారికి నమస్కారాలు.

నాకు కావలసినవి ఇవి. ఏ స్క్రూ ఎటు, ఎంత తిప్పాలో రాయి. మరిచిపోయానని రాయకు. నా మేనకోడలికి ఈ పని నేర్పు. ఎవరొచ్చినా దాన్ని లోపలికి పంపకు.