అపోకా లాక్కున్న కర్ర

అమ్మా మోడెస్టా,
ఫోనులో చెబుదామంటే నాన్న పక్కనే ఉంటున్నారు. అందుకే ఈ కార్డు ముక్క. శుక్లాలు ముదిరి ఆయన గుడిలో వాక్యం చదవడం మానేసిన సంగతి నీకు తెలుసు. మంగళవారం నాందోం ఆసుపత్రికి కంటి డాక్టర్లు వచ్చారు. నేను బతిమాలాను, ఫాదరు గారు చెప్పారు. కదల్లేదు. చివరికి జొన్న కల్లు కాచే ఫ్రాఫ్రా మనిషి అపోకా ఆయన చేతికర్ర లాక్కుని ఆటోలో కూర్చుంది.

"ఏరా బానిసా, కర్ర కావాలంటే ఎక్కు. కుక్క తలకాయ తినడానికి కళ్లక్కర్లేదనుకున్నావా?"

రెండు తెగలకూ తాతలనాటి పరాచికాల వరస; ఫ్రాఫ్రావాళ్లు బానిస అన్నా, కుక్క తలకాయ అన్నా మన దగారావాడు కోపగించుకుంటే తప్పు కదా.

"మా బానిసలకు నోరు పెరిగింది" అని గొణుగుతూ ఎక్కారు.

ఆపరేషను బాగా జరిగింది. నిన్న కట్టు విప్పగానే నన్ను చూసి, "తల ఇంతగా ఎప్పుడు నెరిసిందే?" అన్నారు.

పాపకు దగ్గు తగ్గిందా? ఛాతీకి షియా గింజల వెన్న రాయి. అపోకాకు కుమాసీ నుంచి మంచి తలగుడ్డ పంపు. మరియ తల్లి మిమ్మల్ని చల్లగా చూడాలి.

ఈస్టరుకు నాన్న మీ దగ్గరికి వస్తారు. ఆసుపత్రికి తనంతట తానే వెళ్లానని అందరికీ చెబుతున్నారు. ఈ కార్డు దాచుకో, ఆయన కంటపడనీయకు. ఇప్పుడు చదవగలరు.

అమ్మ