పికప్ బండిలో పట్టిన చోటు

రాజవ్వా,

నువ్వు పోయిన ఏడాదికి మన బిడ్డకు ఈ బహ్రెయిన్‌లో ఆడపిల్ల పుట్టింది. ఎంత సంతోషమో చెప్పలేను, అచ్చం నీ ముక్కే. పురుటికి రావలసింది నువ్వు, వచ్చింది నేను.

ఆస్పత్రి నుంచి హూరాలోని బిడ్డ ఇంటికి వెళ్దామని, వెనక బల్లలు వేసిన పికప్ బండి ఎక్కాను. ఆ సంబరంలో, ఊరి బస్సులో మనిద్దరికీ చోటు పట్టినట్టే, పక్కన తువ్వాలు పరిచాను.

"పెద్దాయనా, ఇంకెవలన్న ఉన్నరా?" అన్నాడు ఎదుట కూర్చున్న కరీంనగర్ మనిషి.

"మా ముసల్ది వస్తది," అనేశాను.

"ఆడోళ్లు తెమిలేసరికి గంతే తియ్," అని నవ్వి, డ్రైవరుకు చెప్పి బండి ఆపించాడు.

ఎండలో అందరూ నీకోసం చూశారు. ఒక్కరూ విసుక్కోలేదు. కాసేపటికి తువ్వాలు తీసి ఒళ్లో పెట్టుకున్నాను.

"ఇగ రాదు, పోనియ్యి," అన్నాను.